30 వేలలో చదువుకీ ఇంటికీ ఒకే ల్యాప్‌టాప్: కొత్తదా, పాతదా?

మీరు అడిగింది ఇదీ: బాబు బీకామ్ కంప్యూటర్స్ మొదటి సంవత్సరం, పాప తొమ్మిదో తరగతి, ఇద్దరికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్, 30 వేలు దాటకూడదు, కొత్తది తీసుకోవాలా సెకండ్ హ్యాండ్‌దా అని. నేను నల్గొండ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌నండి. మాకూ ఇద్దరు పిల్లలు. 2020లో ఒక కొత్త ల్యాప్‌టాప్, 2023లో ఒక పాతది కొన్నాను. రెండూ 25 వేల లోపే. నన్నడిగితే మంచి కండిషన్‌లో ఉన్న పాత ఆఫీస్ ల్యాప్‌టాప్ తీసుకోమంటాను. అయితే చూసి తీసుకోవాలి. ఏం చూడాలో, నాకెలా తెలిసిందో చెప్తాను.

కరోనా అప్పుడు ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. పెద్దమ్మాయి రోజంతా ఫోన్‌లో చూసి చూసి తలనొప్పి అంటుంటే, 24,500 పెట్టి కొత్తది తెచ్చాను. సెలెరాన్ అనే చవక రకం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (తెరిచిన ప్రోగ్రాములు నడిచే మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్. "1 టీబీ సార్, పదేళ్లయినా నిండదు" అన్నాడు షాపతను. నాకూ అదే పెద్ద విషయమనిపించింది. ఆరు నెలలు తిరక్కుండానే తొమ్మిది గంటల క్లాసుకి ఎనిమిదిన్నరకే ఆన్ చేసి కూర్చోవాల్సి వచ్చింది. అది లేచి, బ్రౌజర్ తెరుచుకుని, క్లాసులోకి వెళ్లేసరికి అటెండెన్స్ అయిపోయేది. పాప ఏడ్చిన రోజులున్నాయి. నేనేమో ఇంటర్నెట్ స్లో అనుకుని ప్లాన్ మార్చాను, రూటర్ మార్చాను.

ఏడాది గడిచాక ఊళ్లో రిపేరు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే డిస్క్ దగ్గర 100 శాతం అని ఉంది. కింది కవర్ స్క్రూలు విప్పి, పాత ఏటీఎం కార్డు ఒకటి అంచున దూర్చి, చుట్టూ టక్ టక్ మనిపించుకుంటూ కవర్ లేపాడు. హార్డ్ డిస్క్ తీసి, అదే పని చాలా వేగంగా చేసే ఎస్ఎస్‌డీ, 240 జీబీది పెట్టి విండోస్ మళ్లీ వేశాడు. ఎస్ఎస్‌డీకి 2,400 అయింది. ఆన్ చేస్తే అరనిమిషంలో లేచింది. నాకు సంతోషం పట్టలేదు. "ర్యామ్ కూడా 8 జీబీ చేసెయ్ బాబూ" అన్నాను. అతను బోర్డు మీద నల్లటి చిప్పులు వేలితో చూపించి, "ఇవే ర్యామ్ సార్. బోర్డుకే సోల్డర్ చేసేశారు. స్లాట్ లేదు, ఇక పెరగదు" అన్నాడు.

ఆ రోజు నాకు అసలు విషయం అర్థమైంది. ల్యాప్‌టాప్‌లో తర్వాత మార్చుకోగలిగేవి కొన్ని, ఎప్పటికీ మార్చలేనివి కొన్ని. ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, బ్యాటరీ మార్చుకోవచ్చు, స్లాట్ ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. ప్రాసెసర్ మార్చలేం. సోల్డర్ చేసిన ర్యామ్ మార్చలేం. స్క్రీన్ మార్చడమంటే ఖర్చూ తలనొప్పీ. మన డబ్బు ఈ మార్చలేని వాటి మీద పడాలి. 30 వేల లోపు కొత్త వాటిలో కంపెనీలు చాలావరకు పొదుపు చేసేది సరిగ్గా ఇక్కడే.

ఉదాహరణకి రైజెన్ 3 7320యూ అని ఒక ప్రాసెసర్ తక్కువ ధర మోడళ్లలో కనిపిస్తుంది. ముందున్న 7 చూసి చాలా కొత్తదనుకుంటాం. 2022లో వచ్చిందే గానీ, ఆ నంబర్లో మూడో అంకె 2 అంటే లోపలున్నది జెన్ 2 డిజైన్, అది 2019 నాటిది. పైగా దీంట్లో ర్యామ్ ఎప్పుడూ సోల్డర్ చేసే వస్తుంది. 8 జీబీ ఉన్నది తీసుకుంటే చదువుకి సరిపోతుంది, 4 జీబీది మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. అదే ఇంటెల్ ఐ3-1215యూ, 8 జీబీ, 512 జీబీ ఎస్ఎస్‌డీతో కొత్తది ఏదైనా సేల్‌లో మీ బడ్జెట్‌కి కాస్త అటూ ఇటూగా దొరికితే ఇంకేం ఆలోచించకండి, తీసేసుకోండి. ర్యామ్ తర్వాత వేయించుకుందాంలే అని 4 జీబీతో మాత్రం సర్దుకోవద్దు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కొనేటప్పుడే 8 ఉండాలి.

స్క్రీన్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మా మొదటి దాంట్లో టీఎన్ ప్యానెల్ అనే చవక రకం స్క్రీన్ ఉండేది. ఎదురుగా కూర్చుంటే పర్లేదు. అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చుని వీడియో చూస్తే పక్కనున్న వాడికి మొహాలు నల్లగా, అక్షరాలు పాలిపోయి కనిపించేవి. "నువ్వు జరుగు" అంటే "నువ్వు జరుగు" అని రోజూ గొడవ. ఇద్దరు పిల్లల ఇంట్లో పక్క నుంచి చూసినా బాగా కనిపించే ఐపీఎస్ రకం స్క్రీన్, ఫుల్ హెచ్‌డీ ఉండి తీరాలి. షాపులో స్క్రీన్‌ని కొంచెం వెనక్కి వంచి, పక్క నుంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

2023లో మా బాబు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అంటే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు లాట్ల లెక్కన బయటికి వస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టి సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. అవి కొత్తగా ఉన్నప్పుడు మనం కొనగలిగే ధరలో ఉండవు. కీబోర్డు, హింజ్, బాడీ అన్నీ రోజంతా వాడకానికి తట్టుకునేలా చేస్తారు. 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల ఐపీఎస్ స్క్రీన్, 21 వేలకి తీసుకున్నాను. ఇప్పటికీ రోజూ నడుస్తోంది.

పాతదాంట్లో మోసపోయేది ఎక్కువగా ప్రాసెసర్ దగ్గరే. "ఐ5 సార్, 8 జీబీ, 512 ఎస్ఎస్‌డీ, 12 వేలే" అంటారు. ఐ5 అన్న మాటకి విలువ లేదు. దాని పక్కన ఉన్న నంబర్ చూడాలి. ఐ5-8350యూ అంటే 8వ జనరేషన్. ఐ5-3320ఎం అంటే 3వది, 2012 నాటిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే. అంతకంటే పాత వాటిలో కూడా ఎలాగోలా 11 వేసి చూపిస్తారు, ఆ దారిలో వెళ్లకండి. మీ బడ్జెట్‌కి 10వ లేదా 11వ జనరేషన్‌ది దొరికితే ఇంకా మంచిది.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్ట్ తీయమని అడగండి, ఆ పని చేసేవాళ్లకి తెలుసు, నిమిషం పట్టదు. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. నేను కొన్నదానికి మొదటిది 48,000, రెండోది 27,400. అంటే సగం కంటే కొంచెం ఎక్కువే మిగిలింది. ఆ అంకెలు చూపించి 1,500 తగ్గించమని అడిగితే తగ్గించారు. ఏడాదిన్నర తర్వాత కొత్త బ్యాటరీ వేయించాను.

ఇంకొకటి, మీ ముందే విండోస్‌ని రీసెట్ చేయించి, వైఫైకి కలిపి, మొదటి నుంచి సెటప్ చేయించండి. మధ్యలో ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, ఆ మెషీన్ ఇంకా వాళ్ల ఖాతాలోనే ఉన్నట్టు. ఎంత చవకైనా వదిలేయండి. బయోస్‌కి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులకి, పాస్‌వర్డ్ ఉన్నా అంతే. కెమెరా, మైకు, ప్రతి యూఎస్‌బీ పోర్టూ అక్కడే పెట్టి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి.

మీ బాబుది బీకామ్ కంప్యూటర్స్ కాబట్టి ట్యాలీ, ఎక్సెల్ తప్పవు. ట్యాలీ విండోస్ మీద నడిచేది, అందుకని క్రోమ్‌బుక్‌లు, ఆండ్రాయిడ్ ల్యాప్‌టాప్‌లు చవగ్గా కనిపించినా మీకు పనికిరావు. ట్యాలీప్రైమ్‌లో ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది గానీ నేర్చుకోవడానికి చాలు. ఎంఎస్ ఆఫీస్ కోసం వేలు పెట్టాల్సిన పని లేదు, లిబ్రె ఆఫీస్ ఉచితం. పాప తెలుగులో ప్రాజెక్టు రాయాలంటే విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, భాష సెట్టింగుల్లో పెట్టుకుంటే చాలు. మా చిన్నవాడు వారంలో అలవాటు చేసుకున్నాడు.

30 వేలూ ల్యాప్‌టాప్‌కే పెట్టకండి. 24, 25 వేలలో ముగించి, మిగిలింది బ్యాటరీకో, ఛార్జర్‌కో ఉంచుకోండి. కొనడానికి వెళ్లే రోజు పిల్లలిద్దరినీ తీసుకెళ్లి, షాపులోనే కుర్చీ అడిగి కూర్చోబెట్టి పది నిమిషాలు టైప్ చేయించండి. ఏ మోడల్ అయినా నచ్చితే కొనేముందు దాని ప్రాసెసర్ నంబర్ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.