హెచ్‌ఐవీ ఉన్న అబ్బాయికి విదేశీ వీసా రాదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకు హెచ్‌ఐవీ ఉంది, మా అబ్బాయికి పుట్టుకతోనే వచ్చింది. ఇద్దరం నల్లగొండ ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తీసుకుంటాం. బాబు బీటెక్ కంప్యూటర్స్ మూడో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటాడు. ఎవరైనా చూస్తారని మందు డబ్బా మీది కాగితం పీకేసి, మాత్రలన్నీ విటమిన్ డబ్బాలో పోసుకుంటాడు. ఎంఎస్‌కు అమెరికా పోవాలని వాడి ఆశ. ఎవరికోసమో అన్నట్టు ఒక ఏజెంటును అడిగితే, ఆ జబ్బుంటే అమెరికా గేటు కూడా తాకనివ్వదన్నాడు. దుబాయ్ అయితే మెడికల్ తానే చూసుకుంటానని, దానికి వేరే డబ్బులవుతాయని అన్నాడు. మా తమ్ముడు దుబాయ్‌లోనే ఉన్నాడు. డిగ్రీ కాగానే బాబును పంపమంటున్నాడు. అతనికి మా సంగతి తెలియదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఏజెంటు రెండు మాటలూ తలకిందులుగా చెప్పాడు. అతను పంపిస్తానంటున్న దుబాయ్‌లోనే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఉద్యోగ వీసా ఇవ్వరు. గేటు తాకనివ్వదని అతను చెప్పిన అమెరికాలో ఆ నిషేధం 2010 జనవరి 4తోనే పోయింది. మీ బాబు అనుకుంటున్న దారి తెరిచే ఉంది. మీరు ధైర్యంగా ఉండండి.

ముందు దుబాయ్ సంగతి తేల్చేద్దాం. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు, పిల్లవాడు చిక్కుల్లో పడతాడు. యూఏఈ, సౌదీ, ఖతర్, కువైట్, బహ్రెయిన్, ఒమన్, ఈ ఆరు దేశాల్లోనూ ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు రెసిడెన్సీ ఇవ్వాలంటే రక్తపరీక్ష తప్పనిసరి. అందులో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. గల్ఫ్‌లో చాలా దేశాలకు బయలుదేరే ముందే ఇక్కడ ఒకసారి మెడికల్ చేస్తారు. పాతవాళ్లు గామ్కా మెడికల్ అంటారు, ఇప్పుడు దాని పేరు వాఫిద్. విమానం దిగాక అక్కడ మళ్లీ చేస్తారు. ఏజెంటు ‘చూసుకుంటా’నన్నాడంటే ఇంకొకరి రక్తం ఇప్పించడమో, దొంగ సర్టిఫికెట్ పుట్టించడమో చేస్తాడు. అది ఇక్కడ గట్టెక్కినా అక్కడ గట్టెక్కదు. పాజిటివ్ అని తేలిన మనిషిని పట్టి ఉంచి, వీసా రద్దు చేసి వెనక్కి పంపేస్తారు.

మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. తనకు హెచ్‌ఐవీ ఉందన్న సంగతి ఆయనకు అక్కడి మెడికల్‌లోనే తెలిసింది. ఏం జబ్బు, ఏం మందు వాడాలి అని చెప్పే మనిషి ఒక్కరూ లేరు. బట్టల సంచి కూడా రూమ్ నుంచి తెచ్చుకోనివ్వకుండా పంపించేశారు. అప్పులవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నెలల తరబడి ఊరికి పోలేదు. మందులు కూడా అంత ఆలస్యంగానే మొదలయ్యాయి. ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి. బాబు పాస్‌పోర్టు మాత్రం అతని చేతిలో పెట్టొద్దు.

ఇక అమెరికా. ఏజెంటు మాటలో పాత నిజం ఒకటుంది. 1987లో అమెరికా తన దేశంలోకి రానివ్వని జబ్బుల జాబితాలో హెచ్‌ఐవీని చేర్చింది. 1993లో ఏకంగా చట్టంలోకే ఎక్కించింది. 1989లో నెదర్లాండ్స్ నుంచి హాన్స్ పాల్ వెర్‌హూఫ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సదస్సుకు బయలుదేరారు. ఎయిడ్స్ గురించి జనానికి చెప్పడమే ఆయన పని. మినియాపొలిస్ విమానాశ్రయంలో అధికారులు ఆయన సామాను వెతికితే ఏజెడ్‌టీ మందు దొరికింది. ఆ రోజుల్లో హెచ్‌ఐవీకి ఉన్న మందు అదే. ఆయనను తీసుకెళ్లి జైల్లో పెట్టారు. సంచిలో మాత్రలున్నందుకు ఒక మనిషిని జైల్లో పెట్టారంటే ఆ చట్టం ఎంత అన్యాయమైనదో చూడండి.

ఆ అన్యాయం మీద గట్టిగా పోరాటం జరిగింది. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సును నిర్వాహకులు ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చేశారు. నిషేధం ఉన్నంతకాలం ఆ సదస్సు మళ్లీ అమెరికాలో పెట్టలేదు. చివరికి 2008లో బుష్ సంతకంతో చట్టంలోంచి, 2009లో ఒబామా ప్రభుత్వం చేసిన మార్పుతో జబ్బుల జాబితాలోంచి హెచ్‌ఐవీ పోయింది. అమెరికాలో చివరిసారి 1990లో జరిగిన ఆ సదస్సు 22 ఏళ్ల తర్వాత, 2012లో, వాషింగ్టన్‌లో జరిగింది. దక్షిణ కొరియా, చైనా కూడా 2010లోనే తమ నిషేధాలు ఎత్తేశాయి. హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లే పట్టుబట్టి ఈ తలుపులు తెరిపించారు. మీ అబ్బాయి ఈ చరిత్ర తెలుసుకోవాలి, ఏదో దొంగతనంగా పోతున్నానన్న భావన అప్పుడు పోతుంది.

వీసా ఫారంలో, అంటే డీఎస్-160లో, ప్రజారోగ్యానికి ముప్పు అయ్యే అంటువ్యాధి ఏదైనా ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. పిల్లలు అక్కడే టెన్షన్ పడి ఆగిపోతారు. ఆ ప్రశ్న కిందే జబ్బుల పేర్లు రాసి ఉంటాయి: ఇతరులకు సోకే దశలో ఉన్న టీబీ, సిఫిలిస్ లాంటివి. హెచ్‌ఐవీ ఆ జాబితాలో లేదు. కాబట్టి మీ బాబు ‘లేదు’ అని పెడితే అది అబద్ధం కాదు, అమెరికా చట్టం ప్రకారమే సరైన జవాబు. స్టూడెంట్ వీసాకు రక్తపరీక్ష అడగరు. ఇంటర్వ్యూలో అడిగేవి చదువు, డబ్బు, తిరిగి వచ్చే ఉద్దేశం గురించే. రేపు గ్రీన్‌కార్డు దాకా వెళ్లినా అక్కడి మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష 2010 నుంచి లేదు. అయినా వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, అప్లై చేసే రోజున ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూసుకొమ్మనండి.

వీసా కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బీమా. అమెరికాలో ఈ మందులకు బీమా లేకపోతే నెలకు వేల డాలర్లు అవుతుంది. మన పిల్లలు ఖర్చు తగ్గుతుందని యూనివర్సిటీ బీమా ప్లాన్ వద్దని వెయివర్ పెట్టి, బయట చౌక ప్లాన్ కొంటుంటారు. ఆ చౌక ప్లాన్లలో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బులు వర్తించవు. మీ బాబు ఆ పని అస్సలు చేయకూడదు. యూనివర్సిటీ ప్లానే తీసుకోవాలి. అడ్మిషన్ వచ్చిన కాలేజీల్లో ఏది ఎంచుకోవాలన్నప్పుడు ర్యాంకింగ్‌తో పాటు ఆ ప్లాన్ పుస్తకం కూడా చదవమనండి. మందుల పేజీలో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉందా, కో-పే, అంటే మన జేబులోంచి కట్టాల్సింది, ఎంత అని చూసుకోవాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ వైద్యం అందించే ర్యాన్ వైట్ కార్యక్రమం 1990 నుంచి ఆ దేశంలో నడుస్తోంది. హెచ్‌ఐవీ ఉందని బడిలోకి రానివ్వకపోతే కోర్టుదాకా పోరాడిన ఒక పిల్లవాడి పేరు దానికి పెట్టారు.

యూనివర్సిటీ టీకాల ఫారం వచ్చినప్పుడు ఒక జాగ్రత్త. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా అడుగుతారు. అది బతికున్న క్రిములతో చేసే టీకా. సీడీ4, అంటే రక్తంలో రోగాలతో పోరాడే కణాల లెక్క, 200 కంటే తక్కువుంటే వేయకూడదు. బయట క్లినిక్‌లో తొందరపడి వేయించుకోకుండా ఏఆర్‌టీ డాక్టర్‌ను అడిగి వేయించుకోమనండి.

ఎడ్యుకేషన్ లోన్‌కు పోయినప్పుడు బ్యాంకువాళ్లు దాంతోపాటు ఒక జీవిత బీమా కాగితం ముందు పెడతారు. ‘నాకు ఏ జబ్బూ లేదు’ అని అందులో సంతకం అడుగుతారు. అక్కడ మాత్రం తప్పు రాయొద్దు. ఆ బీమా లేకుండా లోన్ ఇవ్వమని అడగండి, బ్రాంచి కాదంటే వేరే బ్యాంకు చూడండి.

అమెరికా ఒక్కటే లోకం కాదు. ఖర్చు భరించలేమనుకుంటే జర్మనీ గురించి ఆలోచించండి. 30 ఏళ్లలోపు విద్యార్థులు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరవచ్చు. ముందున్న జబ్బు ఏదని అడగరు, హెచ్‌ఐవీ మందులు అందులోనే వస్తాయి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి హెచ్‌ఐవీ వైద్యం అందరికీ ఉచితం, వీసా ఏదన్నది చూడరు. మన దగ్గర నుంచి అక్కడికి వెళ్లేవాళ్లకు టీబీ పరీక్ష మాత్రం ఉంటుంది. కెనడా మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. పాజిటివ్ అయినంతమాత్రాన వీసా ఆపరు కానీ వైద్యానికి తమ ఖజానా మీద ఎంత భారం పడుతుందో లెక్క వేస్తారు. ఆ పరిమితిని 2018లో దాదాపు మూడింతలు పెంచారు. ఆస్ట్రేలియా కూడా ఇలాగే ఖర్చు లెక్క చూస్తుంది. న్యూజిలాండ్ 2021లో హెచ్‌ఐవీని అలాంటి జాబితా నుంచి తీసేసింది. రష్యా మాత్రం ఇంకా మారలేదు. మూడు నెలలకు మించి ఉండేవాళ్లు హెచ్‌ఐవీ లేదన్న సర్టిఫికెట్ తేవాలి, తర్వాత బయటపడితే పంపించేస్తారు. ఎంబీబీఎస్‌కు రష్యా పంపుతున్న తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ నిషేధాల వల్ల ఏ దేశానికీ ఒరిగిందేమీ లేదు. ప్రయాణికులకు పరీక్షలు చేసి హెచ్‌ఐవీని ఆపలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1987లోనే చెప్పింది. ఇది గాలిలో, నీళ్లలో, ఒకే కంచంలో తింటే అంటేది కాదు. ఇప్పుడు మందుల వల్ల ఇంకో మేలు జరిగింది. మీ బాబు వైరల్ లోడ్ రిపోర్టులో టీఎన్‌డీ అని ఉంటే రక్తంలో క్రిమి పరీక్షకు దొరకనంత తగ్గిందని అర్థం. అలా నిలకడగా ఉన్నవాళ్ల నుంచి శృంగారం ద్వారా కూడా ఇంకొకరికి సోకదు. యూరప్‌లో వందల జంటలను ఏళ్ల తరబడి గమనించిన పార్ట్‌నర్ అధ్యయనంలో అలా సోకిన కేసు ఒక్కటీ లేదు. వలస కార్మికులకు హెచ్‌ఐవీ పరీక్ష పెట్టకూడదని, దాని పేరు చెప్పి వాళ్లను ఆపకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో స్పష్టంగా సిఫారసు చేసింది. అయినా 2019 నాటికి ఏదో ఒక రకం ఆంక్ష ఉన్న దేశాలు, ప్రాంతాలు 48 దాకా ఉన్నాయని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ యూఎన్‌ఎయిడ్స్ లెక్క. మన వాళ్లు లక్షల్లో గల్ఫ్‌లో చెమటోడుస్తున్నారు. ఆ దేశాలతో కార్మిక ఒప్పందాలు చేసుకునేటప్పుడు మన ప్రభుత్వం ఈ మాట ఎత్తాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పరీక్షలో తేలిన మనిషికి కనీసం మందు, మర్యాద దక్కాలి కదా.

ఎంఎస్ కుదరకపోయినా, కొన్నాళ్లు ఇక్కడే ఉద్యోగం చేస్తానన్నా భయం లేదు. మన దగ్గర 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగానికి గానీ చదువుకు గానీ హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడం నేరుగా చట్టవిరుద్ధం. క్యాంపస్ ప్లేస్‌మెంట్ మెడికల్‌లో ఎవరైనా అడిగితే కాదనే హక్కు బాబుకు ఉంది. కాలేజీకి, హాస్టల్ వార్డెన్‌కు చెప్పాల్సిన అవసరం అంతకన్నా లేదు.

విటమిన్ డబ్బా అలవాటు మాత్రం ప్రయాణానికి ముందు మాన్పించండి. పేరులేని మాత్రలు విమానాశ్రయంలో అనుమానానికి దారితీస్తాయి. మాత్రలు కంపెనీ డబ్బాలోనే, చీటీతో సహా, చేతిసంచిలో పెట్టుకోవాలి. సామానులో వేస్తే బ్యాగు తప్పిపోయిన రోజు మందు ఉండదు. మందుల పేర్లతో డాక్టర్ రాసిన ప్రిస్క్రిప్షన్ ఇంగ్లిషులో తీసుకోమనండి. అందులో జబ్బు పేరు రాయాల్సిన పని లేదు. చివరి వైరల్ లోడ్, సీడీ4 రిపోర్టులు, చిన్నప్పటి నుంచి మార్చిన మందుల వివరాలు ఫోన్‌లో కూడా దాచుకోవాలి, అక్కడి కొత్త డాక్టర్ మొదట అడిగేది అవే. బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందే నల్లగొండ సెంటర్‌లో సంగతి చెప్తే ఎక్కువ నెలల మందు ఎంతవరకు ఇవ్వగలరో చెప్తారు. ఇంకేమైనా సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

మీ తమ్ముడికి ఏం చెప్పాలన్నది మీరు విడిగా అడగలేదు కానీ మీ ఉత్తరమంతా ఆ బాధే కనిపిస్తోంది. బాబు ఆరోగ్యం సంగతి ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది బాబే. అతన్ని అడగకుండా మీరు కూడా చెప్పకండి. తమ్ముడు మళ్లీ ఫోన్ చేసినప్పుడు, వాడికి అమెరికాలో ఎంఎస్ చేయాలని ఉందట అని చెప్పండి. అది నిజమే, అంతకుమించి వివరం ఇవ్వక్కర్లేదు.