లాక్ పడ్డ డిస్కు, లాక్ పడ్డ పుస్తకం: నాకు జరిగింది చెప్తా

మీరు రెండు అడిగారు. ఇంటి ఫొటోలు దాచుకోడానికి ఏ కంపెనీ ఎక్స్‌టర్నల్ డిస్కు నమ్మొచ్చు అని ఒకటి, డీఆర్ఎం లాక్ (కాపీ చేసుకోనివ్వని డిజిటల్ తాళం) ఉన్న ఈబుక్స్ కొంటే తప్పేంటి, రాసినవాళ్లకి డబ్బులు రావాలిగా అని మీ బావగారు అంటున్నారని రెండోది. నేను గుంటూరులో ఫొటో స్టూడియో నడుపుతానండి, రెండిటికీ నా దగ్గర ఉన్నది ఒకే కథ, కాస్త పెద్దదే, చదవండి.

2019లో నా 2 టీబీ డిస్కు పోయింది. కింద పడలేదు, తడవలేదు, రోజూ పీకి పెట్టీ పీకి పెట్టీ యూఎస్‌బీ పోర్టు వదులైపోయి ఒకరోజు అసలు పవరే తీసుకోలేదు. అందులో మూడు పెళ్లిళ్ల రా ఫైల్స్ (కెమెరాలోంచి వచ్చిన అసలు ఫొటోలు) ఉన్నాయి, అంతకంటే ముఖ్యం మా నాన్న పద్యాలు, ఆయన తెనాలి చుట్టుపక్కల నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు, హార్మోనియం పక్కన టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసిన క్యాసెట్లు నాలుగుంటే వాటిని నేనే కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించా, ఎక్కించాక రెండు క్యాసెట్లు పారేశా కూడా, డిస్కులో ఉన్నాయి కదా అని.

సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్సులో, ఒక రిపేర్ షాపుకి పట్టుకెళ్లా. ఆ అబ్బాయి విప్పి చూపించాడు, లోపల పచ్చ బోర్డు ఒకటి, యూఎస్‌బీ పోర్టు నేరుగా దానికే అతికించి ఉంది, మామూలు డిస్కుని కంప్యూటర్‌కి నేరుగా తగిలించడానికి ఉండే సాటా కనెక్టరు లేనే లేదు. సన్నటి వైర్లు సోల్డర్ చేసి నేరుగా కలిపాడు, డిస్కు తిరిగింది, సైజు కూడా చూపించింది, తీరా చూస్తే ఒక్క ఫోల్డరూ లేదు. "అన్నా, డిస్క్ మంచిగనే ఉంది, లోపల డేటానే మొత్తం గజిబిజి ఉంది, పాస్‌వర్డ్ ఏమన్నా పెట్టిన్రా?" అన్నాడు. నేను జన్మలో పెట్టలేదు. అప్పుడు చెప్పాడు, మనం పాస్‌వర్డ్ పెట్టినా పెట్టకపోయినా ఆ బోర్డు మీద చిప్పు ప్రతి ఫైలునీ ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే రహస్య కోడ్‌లోకి మార్చే, రాస్తుందట, ఆ బోర్డు పోతే డిస్కు ఎంత బాగున్నా చదవలేమట. కొన్నప్పుడు డబ్బా మీద ఈ ముక్క నాకెక్కడా కనపడలేదు. కంపెనీవాళ్లు వారంటీ కింద కొత్త డిస్కు ఇస్తామన్నారు గానీ డేటా మా బాధ్యత కాదన్నారు. నా ఇంటికి నాకు తెలియకుండా తాళం వేసి, తాళంచెవి వాళ్ల చిప్పులో పెట్టుకున్నట్టు అనిపించింది, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

చివరికి అదే మోడల్ పాత డిస్కు ఇంకోటి వెతికి, దాని బోర్డు తీసి, నా బోర్డు మీదున్న, నా డిస్కు సొంత వివరాలు ఉండే ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఊడదీసి దానికి అతికించాడు. నలభై రోజులు పట్టింది. పెళ్లిళ్లు వచ్చాయి. నాన్న పద్యాలు పదకొండిట్లో ఏడు వచ్చాయి, మిగతావి బ్యాడ్ సెక్టార్లలో, అంటే డిస్కు మీద పాడైన చోట్లలో, పడ్డాయి, అందులో రెండు నేను పారేసిన క్యాసెట్లలోవి.

ఇక మీ బావగారి మాట. రాసినవాళ్లకి డబ్బులు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు, నా ఫొటోలు అడక్కుండా ఫ్లెక్సీల మీద వేసుకుంటే నాకూ కడుపు మండుతుంది. కానీ ఆ లాకు దొంగని ఆపట్లేదు, పైరేటెడ్ కాపీ రెండోరోజే తిరుగుతుంది, ఇరుక్కునేది డబ్బిచ్చి కొన్నవాడు. 2009లో అమెజాన్ వాళ్లు ఆర్వెల్ రాసిన '1984'ని జనం కొనుక్కున్న కిండిల్స్‌లోంచి (అవి వాళ్ల ఈబుక్ చదివే పరికరాలు) వాళ్లంతట వాళ్లే తీసేశారు, అమెజాన్‌లో పెట్టి అమ్మినవాళ్లకి ఆ పుస్తకం హక్కుల్లేవని తర్వాత తెలిసిందట, డబ్బులు వెనక్కిచ్చారు, క్షమాపణా చెప్పారు, కానీ కంపెనీ చెయ్యి అంత దూరం వస్తుందని ఆరోజు అందరికీ తెలిసింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఈబుక్ స్టోరే మూసేసింది, కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి, డబ్బు వాపస్ ఇచ్చి, పుస్తకంలో నోట్స్ రాసుకున్నవాళ్లకి అదనంగా 25 డాలర్లు క్రెడిట్ ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో వెబ్‌సైట్లోంచి కిండిల్ పుస్తకాల ఫైల్స్ కంప్యూటర్లోకి దించుకునే ఆప్షన్ కూడా అమెజాన్ తీసేసింది. కాపీ తీసుకోనివ్వని దానికి బ్యాకప్ ఎలా పెడతామండీ? నేను అడిగేది అదొక్కటే.

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్ తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అందులో ఉండటం నాకు నచ్చింది. నామటుకు నేను లాక్ తీసే జోలికి పోను, లాక్ లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొంటా, లేదంటే అచ్చు పుస్తకం.

ఏ కంపెనీ నమ్మొచ్చు అన్నదానికి ఒక పేరు చెప్పలేను, ఎందుకంటే కంపెనీలే పూర్తిగా చెప్పవు. 2007లో గూగుల్ వాళ్లు తమ దగ్గరి లక్షకి పైగా డిస్కులు గమనించి పేపర్ రాశారు, పాడైనవాట్లో 56 శాతానికి పైగా డిస్కులకి ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చెప్పే సంకేతాలు) ఒక్కటీ రాలేదని అందులో ఉంది, అంటే హెల్త్ సాఫ్ట్‌వేర్ పచ్చగా చూపిస్తోందని నిద్రపోకూడదు. కానీ ఏ కంపెనీవి ఎక్కువ పోయాయో మాత్రం వేయలేదు. బ్యాక్‌బ్లేజ్ అనే ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ తాము వాడే డిస్కుల్లో మోడల్ పేర్లతో సహా ఎన్ని పోయాయో ఏళ్లుగా బయటపెడుతోంది, కొనేముందు అది చూడండి.

ఇంకోటి, 2020లో వెస్టర్న్ డిజిటల్ అనే డిస్కుల కంపెనీ నాస్ (నెట్‌వర్కుకి తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) కోసమని అమ్మే రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ రకమని బయటపడింది, గోల అయ్యాకే లిస్టు ఇచ్చారు. ఎస్ఎంఆర్ అంటే పెంకుటింటి మీద పెంకులు ఒకదాని మీదొకటి ఎక్కించినట్టు ట్రాకులు ఎక్కించడం, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవీ కదపాలి, అందుకే పెద్ద పెద్ద ఫైల్స్ తిరగరాస్తే నత్తనడక నడుస్తుంది. ఒకసారి రాసి దాచిపెట్టే ఫొటోలకి పర్లేదు, తెలిసి కొనుక్కుంటే.

రెండు డిస్కులు కొంటే రెండూ ఒకే మోడల్ ఒకేరోజు కొనొద్దు. హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ సర్వర్ల ఎస్ఎస్‌డీలు (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డిస్కులు) కొన్ని ఫర్మ్‌వేర్ తప్పు వల్ల, అంటే డిస్కుని నడిపే లోపలి ప్రోగ్రామ్ తప్పు వల్ల, సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని 2019లో వాళ్లే ప్రకటించారు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకేసారి ఆన్ చేసినవి ఒకేసారి పోతాయన్నమాట, ఇక ఒకటి రెండోదానికి బ్యాకప్ ఎలా అవుతుంది? ఎస్ఎస్‌డీ అయితే బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మర్చిపోవద్దు కూడా, బాగా వాడి అరిగినవి కరెంటు లేకుండా, అదీ వేడిలో ఉంటే డేటా జారిపోతుంది.

నేనిప్పుడు మూడు కాపీలు పెడుతున్నా, వేరే వేరే బ్రాండ్లు రెండు, మూడోది మా చెల్లెలింట్లో ఒంగోలులో. యూఎస్‌బీ పోర్టు డిస్కుకి అతికి ఉండకుండా విడిగా ఉండే ఖాళీ పెట్టె (ఎన్‌క్లోజర్) కొని అందులో మామూలు సాటా డిస్కు వేసుకుంటా, పెట్టె పోతే డిస్కు ఇంకోదాంట్లో పెట్టేయొచ్చు. ప్రతి సంక్రాంతికీ మూడూ తెరిచి ఫైల్స్ సరిపోల్చి, నాన్న పద్యం ఒకటి మొత్తం వింటా, సగంలో ఆగకుండా చివరి రాగం దాకా వస్తేనే ఆ డిస్కు పక్కన టిక్కు పెడతా.

మీ ఫొటోలు ఇప్పటికి ఒకే డిస్కులో ఉన్నాయన్నారు కాబట్టి కొత్తది వచ్చేదాకా ఆగకండి, ఈ రాత్రికే ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఉన్నంత మేర ఎక్కించండి, పెద్దవాళ్లవీ పిల్లల చిన్నప్పటివీ ముందు. కొనాలనుకున్న డిస్కు మోడల్ నంబర్ కింద పెట్టండి, ఎస్ఎంఆరో కాదో చూసి చెప్తా.