క్వాంటం సీటుకు అడ్వాన్సు కట్టేముందు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఫిజిక్స్ అంటే ప్రాణం పెడుతుంది. జీపీఎస్ లేకపోయినా దారి చూపే క్వాంటం పరికరాల కోసం కేంద్రం ఆరు వేల కోట్లు ఇస్తోందని ఎక్కడో చూసి, చదివితే అదే చదువుతానంటోంది. మా బావమరిదేమో ఒక ప్రైవేటు కాలేజీలో క్వాంటం బీటెక్ సీటు ఉంది, మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పుడే అడ్వాన్సు కట్టమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. కట్టమంటారా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: కట్టొద్దు. బావమరిదితో గొడవ పెట్టుకోకండి గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన మాట పక్కన పెట్టండి.

పాప చూసిన వార్త నిజమే. 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం నేషనల్ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. వినడానికి పెద్ద మొత్తం. అయితే అది 2023-24 నుంచి 2030-31 దాకా, అంటే ఎనిమిదేళ్లకు. సగటున ఏడాదికి 750 కోట్లు. అందులోనూ నాలుగు వాటాలు. క్వాంటం కంప్యూటర్ల పనిని బెంగళూరు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్‌ను ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌ను ఐఐటీ బాంబే, పదార్థాలు పరికరాల పనిని ఐఐటీ ఢిల్లీ ముందుండి నడుపుతున్నాయి. మీ పాప అడుగుతున్నది మూడోది, సెన్సింగ్, అంటే పరమాణువులతో అతి సూక్ష్మంగా కొలిచే పని. మన దగ్గర అందరూ చెప్పుకునే అమరావతి క్వాంటం వ్యాలీలో ముఖ్యంగా వినిపించేది ఐబీఎం క్వాంటం కంప్యూటర్. సెన్సింగ్, కంప్యూటర్ వరసకు అన్నదమ్ములే గానీ ఇళ్లు వేరు.

ఈ డబ్బు లేజర్లకు, వాక్యూమ్ పంపులకు, ఎలక్ట్రానిక్స్‌కు, వాటి దగ్గర పనిచేసే పిల్లల స్టైపెండ్లకు పోతుంది. బోర్డు మీద క్వాంటం అని రాసుకున్నంత మాత్రాన ఏ కాలేజీకీ రాదు. అందుకే ఆ కాలేజీకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "మీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పిల్లలు సొంతంగా అమర్చుకునే లేజర్ టేబుల్ ఉందా? ఒకసారి వచ్చి చూడొచ్చా?" జవాబు రాకుండా ప్లేస్‌మెంట్ బ్రోచర్ వస్తే మీకు విషయం అర్థమైపోతుంది. పైగా 2024 డిసెంబరులో ఇంజనీరింగ్ చదువులను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, కేంద్ర సైన్స్ టెక్నాలజీ శాఖ కలిసి క్వాంటం టెక్నాలజీలో మైనర్ కోర్సుకు సిలబస్ ఇచ్చాయి. కనీసం 18 క్రెడిట్లు. మామూలు ఈసీఈలో చేరినా, కాలేజీ పెడితే, దాన్ని పక్కన చదువుకోవచ్చు. దానికోసం లక్షలు పోసి కోటా సీటు కొనాల్సిన పని లేదు.

ఇక అసలు ఆ పని ఏమిటో మీకూ తెలియాలి. పాపతో మాట్లాడటానికి పనికొస్తుంది.

జీపీఎస్ సిగ్నల్ నీళ్ల లోపలికి పోదు, కాబట్టి సబ్‌మెరైన్‌కు అందదు. శత్రువు దాన్ని జామ్ చేయొచ్చు, దొంగ సిగ్నల్ పంపి విమానాన్ని తప్పుదారి పట్టించొచ్చు. అప్పుడు మిగిలేది కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడమే: ఎంత వేగం పెరిగింది, ఎటు తిరిగింది అని పరికరం కొలుస్తూ, కూడుతూ పోతుంది. ప్రతి అడుగులో పిసరంత తప్పు వస్తే గంటల తర్వాత అది కిలోమీటర్లవుతుంది. క్వాంటం పద్ధతిలో రుబీడియం అనే లోహం పరమాణువులను లేజర్లతో పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే ఇక అంతకన్నా చల్లదనం ఉండని హద్దుకు, డిగ్రీలో లక్షో వంతు తేడా దాకా చల్లబరుస్తారు. కింద పడుతున్న ఆ పరమాణువు తరంగాన్ని లేజర్ పల్స్‌తో రెండు దారులుగా చీల్చి, మళ్లీ కలుపుతారు. రెండు దారుల మధ్య వచ్చిన తేడాను బట్టి వాహనం వేగం ఎంత మారుతోందో తేలుతుంది. ఇందులో గొప్పతనం ఏమంటే, ఏ రుబీడియం పరమాణువైనా ఒకటే. మీ మోటారు బేరింగు అరిగినట్టు పరమాణువు అరగదు.

పరమాణు గడియారం కూడా ఈ కుటుంబంలోదే. వెలుగు ఒక నానో సెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, ఉపగ్రహంలోని గడియారం ఆ మాత్రం తప్పినా దూరం లెక్క అంతమేర తప్పుతుంది. జీపీఎస్ లాంటి మన సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహంలోని రుబీడియం గడియారాలు మూడూ ఆగిపోయాయి. అవి విదేశాల నుంచి తెచ్చుకున్నవి. తర్వాత అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ సొంతంగా తయారుచేసిన గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో వెళ్లింది. ప్రభుత్వం ఈ రంగానికి డబ్బు పెట్టడానికి ఇలాంటి దెబ్బలూ ఒక కారణమని నా అభిప్రాయం. అవసరం ఉన్నచోట పెట్టిన డబ్బు ఫ్యాషన్ మారగానే ఆగిపోదు.

పాపకు దారులు రెండు. ఫిజిక్స్ మీద అంత ఇష్టం ఉంటే మొదటిది ఐసర్, అంటే సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. తిరుపతి ఐసర్ మనకు ఒక పూట ప్రయాణం. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ప్రవేశానికి ఐఏటీ పరీక్ష రాయాలి. అందులో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీవి. ఎంపీసీ పిల్లలు వాటిని చూసి ముందే బెదిరిపోతారు. మిగతా 45 బాగా చేస్తే చాలు, బయాలజీలో వచ్చినన్ని రాయమనండి. అది కుదరకపోతే అనంతపురంలోనే మంచి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎంఎస్సీకి పోవచ్చు. ఈ దారిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. బీఎస్సీలో ఉండగా వేసవిలో సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయిస్తే చాలు. చల్లటి పరమాణువుల మీద పనిచేసే రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ బెంగళూరులోనే ఉంది, మీకు హైదరాబాద్ కంటే దగ్గర.

రెండోది ఇంజనీరింగ్. పరమాణువు చుట్టూ ఉండే పనిలో చాలా భాగం ఎలక్ట్రానిక్సే. జేఎన్‌టీయూలో ఈసీఈ వచ్చినా సరే, గేట్ స్కోరుతో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వైపు వెళ్లొచ్చు. క్షిపణులకు దారి చూపే పరికరాలు చేసే దాని ల్యాబు ఆర్‌సీఐ హైదరాబాద్‌లోనే ఉంది. తిరుపతి ఐఐటీలో కూడా పొజిషనింగ్, ప్రెసిషన్ టెక్నాలజీల మీద ప్రత్యేకంగా ఒక హబ్ నడుస్తోంది.

డబ్బు సంగతి దాచను. మొదటి దారిలో చదువు, పీహెచ్‌డీ కలిపి పదేళ్లు పడుతుంది. బోర్డు పరీక్షల్లో పైన ఉండే ఒక శాతం పిల్లలు సైన్స్ డిగ్రీలో చేరితే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 దాకా రావచ్చు. ఇది బీటెక్‌కు రాదు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, పైన ఇంటద్దె భత్యం. అంటే చివరి ఐదేళ్లు పాప మీ మీద ఆధారపడదు. కానీ ఇరవై రెండేళ్లకే ప్యాకేజీ చూడాలనుకుంటే ఈ దారి వద్దు. ఇంట్లో పెళ్లి మాట కూడా మధ్యలో వస్తుంది. దాన్ని ఇప్పుడే పాపతో కూర్చుని తేల్చుకుంటే మంచిది, ఎంఎస్సీ మధ్యలో తేల్చడం కన్నా.

ఒక మాట మీ షాపు గురించి. లేజర్లు చల్లబరిచిన పరమాణువులను ఒకచోట పట్టి ఉంచడానికి ఎదురెదురుగా రెండు రాగి కాయిళ్లు పెడతారు. అవి చాలా ల్యాబుల్లో స్టూడెంట్లే చుట్టుకుంటారు. చుట్టు మీద చుట్టు సమంగా పడాలి, వేడెక్కకూడదు, ఇన్సులేషన్ గీరుకోకూడదు. మీకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఆదివారం పాపను షాపులో కూర్చోబెట్టుకుని ఒకే సైజువి రెండు చిన్న కాయిళ్లు చుట్టించండి. ఎదురెదురుగా నిలబెట్టి, ఒకదాంట్లో కరెంటు ఒకవైపు, రెండోదాంట్లో దానికి ఎదురు దిశలో పోయేట్టు చిన్న బ్యాటరీకి కలపండి. మధ్యలో చిన్న దిక్సూచి పెట్టి చూడమనండి. సరిగ్గా నడిమధ్యలో అది ఉత్తరమే చూపిస్తుంది, కాస్త పక్కకు జరిపితే తిరిగిపోతుంది. ఎందుకలా అని మీరడగండి. పాప చెప్పింది నాకు రాసి పంపండి, ఏ దారిలో పంపాలో అప్పుడు మాట్లాడుకుందాం.