కొత్త సెల్ వేసినా ఆన్ కాని కాలిక్యులేటర్

ప్రశ్న: నాన్నగారు వాడిన పాత పాకెట్ కాలిక్యులేటర్ కొత్త సెల్స్ వేసినా ఆన్ కావడం లేదు. సెల్స్ పెట్టే చోట పచ్చగా, తెల్లగా ఏదో పేరుకుంది. విప్పి చూడొచ్చా, రీసైక్లింగ్‌కి ఇచ్చేయాలా?

జవాబు: అప్పుడే ఇచ్చేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే చెడింది కాలిక్యులేటర్ కాదు, సెల్ ఆనే లోహపు రేకులు అయ్యుండాలి. ఆల్కలైన్ సెల్ ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతే అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారుతుంది, గాలి తగిలి తెల్లగా పొడికడుతుంది, రాగి ఉన్నచోట పచ్చటి చిలుము పడుతుంది, ఇక ఆ పొర దాటి కరెంటు పోదు. లోపలి చిప్ చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. ఇంత చిన్న కారణానికి మంచి వస్తువు చెత్తలోకి పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సెల్స్ తీసేసి, గ్లౌజులు వేసుకుని మొదలుపెట్టండి. స్క్రూలు రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ వెనకాల కూడా దాగి ఉంటాయి. అన్నీ తీసినా మూత రాకపోతే అంచుల్లో ప్లాస్టిక్ కొక్కేలు ఉన్నట్టే, స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా పనికిరాని ప్లాస్టిక్ కార్డు ఒకటి సందులో దూర్చి చుట్టూ జరపండి. మూత ఊడగానే లాగేయొద్దు, సెల్ వైర్లు, సోలార్ వైర్లు చాలా సన్నగా ఉంటాయి, తెగితే మళ్లీ సోల్డరింగ్ చేయాలి.

దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి ఆ పొరను తుడవండి. తర్వాత నీళ్లతో తడిపిన పుల్లతో, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మొండి మచ్చలకు పెన్సిల్ రబ్బరు చాలు.

ప్రశ్న: నా దాంట్లో 8 నొక్కితే 6లా కనిపిస్తోంది. డిస్‌ప్లే పోయినట్టేనా?

జవాబు: ఒక గీత వెలగడం లేదంతే. గాజు డిస్‌ప్లేకీ బోర్డుకీ మధ్య చాలా మోడళ్లలో జీబ్రా స్ట్రిప్ అనే మెత్తటి రబ్బరు పట్టీ ఉంటుంది. కరెంటు పోనిచ్చే పొర, పోనివ్వని పొర, ఇలా ఒకదాని పక్కన ఒకటి. దాని మీద దుమ్ము పడినా, కాస్త పక్కకి జరిగినా ఇదే జరుగుతుంది. పట్టీనీ, అది ఆనే రెండు అంచులనూ ఆల్కహాల్‌తో తేలిగ్గా తుడిచి, వేలు తగలకుండా సరిగ్గా అదే చోట పెట్టి బిగించండి. పట్టీకి బదులు డిస్‌ప్లేకి పల్చటి ఫిల్మ్ అతికించి ఉంటే మాత్రం దాన్ని లాగొద్దు, ఊడితే మళ్లీ అతికించడం చాలా కష్టం. గాజులో సిరా ఒలికినట్టు నల్లగా పాకి ఉంటే ఆ డిస్‌ప్లే బాగుపడదు, అదే మోడల్‌ది ఇంకొకటి దొరికితే దాన్నుంచి తీసి వేసుకోవాలి.

ప్రశ్న: బాగుపడనిదాన్ని ఏం చేయాలి?

జవాబు: స్క్రూలు, సోలార్ పలక, బటన్ల రబ్బరు దాచుకోండి, మిగతాది ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. బోర్డు మీది నల్లటి బొట్టు జోలికి పోవద్దు, దాని కిందే చిప్ ఉంటుంది, విడిగా తీసి వాడుకోలేరు. 1972 నాటి హెచ్‌పీ-35 లాంటి ఎర్ర అంకెల మోడళ్లలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. కాడ్మియం విషం, అందుకే ఆ బ్యాటరీని కోయొద్దు, వేడిచేయొద్దు, విడిగా ఇవ్వండి. బటన్ సెల్స్‌కి రెండు వైపులా టేపు వేసి, పిల్లలకు అందని చోట పెట్టండి. మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.