టోకెన్లలో జీతమా? అబ్బాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఆరేళ్లుగా డేటా ఇంజినీరు. బ్లాక్‌చెయిన్ మీద నడిచే ఓ చిన్న సోషల్ ట్రేడింగ్ కంపెనీ డేటా ఇంజినీరింగ్ లీడ్‌గా రమ్మంటోంది. జీతం సగం డబ్బుగా, సగం వాళ్ల టోకెన్లుగా (అంటే సొంత క్రిప్టో నాణేలుగా) ఇస్తారట. నాకు జూదంలా అనిపిస్తోంది. పంపమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ భయం సగం నిజమేనండీ. అయితే జూదం ఉన్నది పనిలో కాదు.

సోషల్ ట్రేడింగ్ అంటే, బాగా సంపాదిస్తున్నాడని పేరున్నవాడు ఏది కొంటే మన ఖాతాలోనూ అదే దానంతటదే కొనేయడం. ఈటోరో లాంటి ట్రేడింగ్ కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నదే. అక్కడ మీవాడు ట్రేడింగ్ చేయడు, ఎవరికెంత లాభమో నష్టమో లెక్క తేలుస్తాడు. ఆ లెక్క మాత్రం అంత తేలిక కాదు. బ్లాక్‌చెయిన్ అంటే అందరికీ ఉమ్మడి లెక్కల పుస్తకం. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో 12 సెకన్లకో బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, వస్తుంది. అరుదుగానైనా, చివర చేరిన బ్లాక్ రద్దయి ఆ చోట్లో ఇంకోటి వస్తుంది. అప్పటికే ఖాతాలో కలిపేసిన లావాదేవీని వెనక్కి తీయాలి. ఎథీరియం నాణెం ఈథర్‌కు 18 దశాంశ స్థానాలు, డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీసీ నాణేనికి 6. మరిచిపోయి కూడితే లెక్క గోవిందా. వీటికంటే పెద్ద చిక్కు మనుషులతో. ఒకడే పది వ్యాలెట్లు (క్రిప్టో ఖాతాలు) తెరిచి, పదింట్లో పది రకాల పందేలు కాసి, గెలిచిన ఒక్కదాన్నే జనానికి చూపిస్తాడు. ర్యాంకుల పట్టిక అది నమ్మితే కాపీ కొట్టినవాళ్లు మునుగుతారు. ఇలాంటివి పట్టగలిగినవాడికి రేపు బ్యాంకులోనూ పని దొరుకుతుంది. కాఫ్కా, స్పార్క్, ఎస్‌క్యూఎల్ లాంటి డేటా పనిముట్లు ఎక్కడికెళ్లినా అవే.

జూదమల్లా జీతంలో ఉంది. టోకెన్ల విలువ సున్నా అనుకోండి. మిగిలిన డబ్బుతో ఇల్లు గడుస్తుందా? 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలినప్పుడు దాని సొంత టోకెన్ రోజుల్లోనే దాదాపు చిత్తుకాగితమైంది. మనదగ్గర 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. టోకెన్లు ఎప్పుడు చేతికొస్తాయో, ఎప్పటినుంచి అమ్ముకోవచ్చో ఆఫర్ లెటర్‌లో ఉండాలి. నోటిమాట చెల్లదు.

ఇంటర్వ్యూలో అబ్బాయి తప్పక అడగాల్సిందొకటుంది: నష్టపోయి మూసేసిన ఖాతాలు కూడా మీ ర్యాంకుల లెక్కలోకి వస్తాయా? నీళ్లు నమిలితే వద్దనేయొచ్చు. లీడ్ అన్నారు కదా, కింద ఎంతమందో కూడా కనుక్కోమనండి. చిన్న కంపెనీల్లో లీడూ ఒక్కడే, టీమూ ఒక్కడే అయిన సందర్భాలు చూశాను. ఈ మార్కెట్‌కి రాత్రీ లేదు, ఆదివారమూ లేదు.

ఇంటి లోన్ సంగతి మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టాకే రాజీనామా ఇమ్మనండి.