గడియారంలో సున్నా చూసి లేచిపోయినవాడి జవాబు

ప్రశ్న: ఎంఎస్ చేయడానికి ఆగస్టులో అలబామా వెళ్తున్నాను. సీనియర్లు కాలేజీ ఫుట్‌బాల్ టికెట్లు కొనుక్కోమంటున్నారు. మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. నాకు ఆ ఆట ఒక్క ముక్క తెలియదు. డబ్బులు దండగ కాదా?

కొనండి. దండగ అని చెప్పినవాడే మిమ్మల్ని హెచ్-1బి గురించి కూడా భయపెట్టి ఉంటాడు. వాణ్ణి వదిలేయండి.

నేను 2013 ఆగస్టులో ఆబర్న్ యూనివర్సిటీలో దిగాను, అదీ అలబామా రాష్ట్రమే. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన సీనియర్ అన్న కారులోనే ఒక మాట చెప్పాడు: "ముదురు ఎరుపు టీషర్టులుంటే ఇక్కడ వేసుకోకురా, అది అలబామా యూనివర్సిటీ వాళ్ల రంగు." ఏదో ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. వారం తిరక్కుండానే సంగతి అర్థమైంది. ఆ రాష్ట్రానికి ఎన్‌ఎఫ్‌ఎల్ (మన ఐపీఎల్ లాంటి ప్రొఫెషనల్ లీగ్) జట్టు లేదు. ఉన్న పిచ్చంతా ఈ రెండు కాలేజీల మీదే. ఎంత పిచ్చంటే, ఆబర్న్ వాళ్లు గెలిచినప్పుడల్లా టూమర్స్ కార్నర్ అనే కూడలి దగ్గరి ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ చుట్టలు విసిరి పండగ చేసుకుంటారు. 2010లో ఓడిపోయిన కోపంతో అలబామా అభిమాని ఒకడు ఆ చెట్లకి విషం పెట్టాడు. చెట్లకి! నేను వెళ్లేసరికి వాటిని కొట్టేశారు. పేపర్ విసరడానికి వాటి చోట తీగలు కట్టారు.

2012లో ఆబర్న్ 12 మ్యాచ్‌లాడి మూడే గెలిచింది, చివరి మ్యాచ్‌లో అలబామా చేతిలో 49-0తో ఓడింది. అందుకే 2013లో గస్ మల్జాన్ అనే కొత్త కోచ్ వచ్చినా మా లాబ్‌లో ఎవరికీ ఆశల్లేవు. తీరా చూస్తే, ఒక్క ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద తప్ప అన్నీ గెలుస్తూ వచ్చారు. నవంబరు 16న జార్జియా యూనివర్సిటీతో మ్యాచ్ చివరి నిమిషంలో ఓడిపోతున్నాం. మావాళ్లు విసిరిన బంతి జార్జియా ఆటగాడి చేతికి తగిలి ఎగిరి, వెనకాల పరుగెడుతున్న మా రికార్డో లూయిస్ చేతుల్లో పడింది. 73 గజాల టచ్‌డౌన్, అంటే బంతితో అవతలి చివరి గీత దాటేశాడు, 43-38తో గెలిచాం. (మనకి గజం అంటే ప్లాటే గుర్తొస్తుంది. నాకు ఈ ఆటలో మొదట నచ్చింది అదే.)

ఇక అసలు రోజు నవంబరు 30. థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం, అలబామాతో ఐరన్ బౌల్, అంటే ఈ రెండు కాలేజీల మధ్య ఏటా జరిగే మ్యాచ్. వాళ్లు వరసగా రెండేళ్లు జాతీయ ఛాంపియన్లు, ఆ రోజుకి నంబర్ వన్. మేం నాలుగు. మా రూమ్మేట్లు ఇద్దరు గురువారం రాత్రంతా లైన్లో నిలబడి బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్‌లో టీవీ కొన్నారు కాబట్టి దాన్ని చూస్తూ ఇంట్లోనే ఉంటామన్నారు. నేనూ, గుంటూరు ఫ్రెండూ వెళ్లాం. 87 వేల మంది పట్టే స్టేడియం, స్టూడెంట్ల వైపు నాలుగు గంటలు నిలబడే చూడాలి. కూర్చుంటే వెనకవాడు భుజం తడతాడు.

ఆట 28-28 అయింది. అలబామా వాడొకడు బంతితో గీత దాటి బయటికెళ్లాడు, గడియారంలో సున్నా. మా గుంటూరు వాడు, "మామా, డ్రా అయిపోయింది, జనం లేవకముందే పోదాం పద" అన్నాడు. క్రికెట్ చూసి పెరిగిన బుర్రలు మావి. 1996 నుంచి ఈ ఆటలో డ్రా అనేదే లేదని, ఓవర్‌టైమ్ ఉంటుందని ఇద్దరికీ తెలియదు. పక్కవాళ్లెవరూ ఎందుకు కదలట్లేదో కూడా ఆలోచించలేదు.

మెట్ల కింద కాంక్రీటు ర్యాంపులోకి వచ్చాం. నాచోలు అమ్మే పెద్దావిడ కౌంటర్ తుడుస్తోంది, పక్కన రేడియో మోగుతోంది. లోపల రిఫరీలు వీడియో చూసి గడియారంలో ఒక్క సెకను వెనక్కి పెట్టారట. ఆ ఒక్క సెకనుతో అలబామా 57 గజాల నుంచి గోల్ కర్రల మధ్యకి కిక్ కొట్టించింది, పడితే వాళ్లదే గెలుపు. బంతి గోల్ దాకా రాలేదు. అలా పొట్టిగా పడితే అవతలివాళ్లు పట్టుకుని పరుగెత్తొచ్చు. కిక్ కొట్టే జట్టు తరఫున మైదానంలో ఉండేది చాలావరకు భారీ ఆకారాలు, అడ్డం నిలబడటానికి తప్ప వెంటపడటానికి పనికిరారు. మావాడు క్రిస్ డేవిస్ వెనక నిలబడి బంతి అందుకుని ఎడమ గీత వెంబడి ఆ చివరిదాకా పరుగెత్తాడు. 109 గజాలు, టచ్‌డౌన్, మేం గెలిచాం. రికార్డు పుస్తకంలో 100 అనే రాస్తారు, నిబంధన అదేనట. ఆ తొమ్మిదీ వాడి బదులు ఎవరు పరుగెత్తారో మరి!

ఇదంతా తరవాత యూట్యూబ్‌లో చూసి చెప్తున్నది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: నెత్తిమీది కాంక్రీటు వణికింది, పైనుంచి సన్నగా దుమ్ము రాలింది. భూకంపమనుకుని గోడకి అతుక్కుపోయాను. పెద్దావిడ గుడ్డ పడేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని గెంతుతోంది. "డ్రా అయింది కదా?" అన్నాను. "డ్రానా?" అంది, అదేదో తినే వస్తువైనట్టు.

రూమ్మేట్ ఫోన్ చేశాడు. "చూశావట్రా!" అని అరుస్తున్నాడు. చూశానన్నాను. ఇన్నేళ్లుగా అందరికీ అదే చెప్తున్నాను. నిజం ఇవాళే రాస్తున్నాను. టీవీ కొనుక్కుని ఇంట్లో పడుకున్నవాడు చూశాడు, టికెట్ కొన్నవాడు గోడని చూశాడు. ఆ రాత్రి వాడు మా ఇంట్లో ఉన్న మూడు టాయిలెట్ పేపర్ చుట్టలూ పట్టుకెళ్లి తీగల మీద విసిరొచ్చాడు. మగ్గు ఉంది కాబట్టి మర్నాడు ఇబ్బంది పడలేదు.

నా ఏడుపు ఇంకొకటుంది. నేను ఇంటర్ చదివిన కార్పొరేట్ కాలేజీలో గ్రౌండే లేదు. మూడో అంతస్తులో స్టడీ అవర్లు, కిటికీలకి జాలీ. ఇది మన కాలేజీ అని గొంతు చించుకునే సందర్భం రెండేళ్లలో ఒక్కటి రాలేదు. మనవాళ్లు అమెరికా వెళ్లినా వీకెండ్ అంటే వంటా, గ్రాసరీలూ, ఎవడికి కాల్ వచ్చిందనే కబుర్లూ. అలాగని ఆ ఆట అంతా గొప్పదేం కాదు. అప్పట్లో కోచ్‌కి కోట్లిచ్చి, ఎముకలు విరగ్గొట్టుకునే కుర్రాళ్లకి స్కాలర్‌షిప్ తప్ప డబ్బులు ముట్టనిచ్చేవారు కాదు. 2021 జులై నుంచే వాళ్లని తమ పేరు మీద ప్రకటనల్లాంటివాటితో సంపాదించుకోనిస్తున్నారు. ఇది అన్యాయమని అంటే మా లాబ్‌లో ఎవడూ వినేవాడు కాదు.

2014 జనవరి 6న జాతీయ ఫైనల్, ఫ్లోరిడా స్టేట్‌తో. అందరం ఆ బ్లాక్ ఫ్రైడే టీవీ ముందే. ఒక దశలో 21-3తో మేమే ముందున్నాం. 13 సెకన్లుండగా వాళ్లు టచ్‌డౌన్ కొట్టారు. "అయిపోయింది, అన్నం తిందాం లేవండ్రా" అని గుంటూరు వాడు లేచాడు. చొక్కా పట్టుకుని కూలేశాను. ఒక్క సెకనులో అంత జరిగింది, ఇంకా పదమూడున్నాయి.

ఏమీ జరగలేదు. 34-31, ఓడిపోయాం. అప్పుడు లేచి అన్నం వడ్డించుకున్నాం.