బస్తీలో వరద గురించి, నీళ్ల జబ్బుల గురించి చెబితే ఎందుకు పట్టించుకోరు?

ఎన్నిసార్లు చెప్పినా మీ బస్తీవాళ్లు వినడం లేదు, ఎలా చెప్పాలి అని అడిగారు. నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు డ్వాక్రా గ్రూపులు చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని). 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా మీద పడ్డప్పుడు చూసినవి చెబుతాను.

వినకపోవడం కాదండీ, అది తమకు కాదనుకుంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అని టీవీలో వస్తే, అది కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంక వాళ్ల గొడవని ఇక్కడివాళ్ల లెక్క. ఆసారి బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన మాట నిజమే. మా ఇళ్లలోకి వచ్చింది మాత్రం కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని మైకులో చెబితే, లోతట్టు అంటే తమ ఇల్లేనని ఎవరూ అనుకోరు. ఏ నీళ్లు, ఎటునుంచి, ఎప్పటికల్లా మన సందులోకి వస్తాయో చెప్పాలి. గోడ మీద పాత వరద మరక ఉంటే అక్కడే నిలబడి చెప్పండి.

ఇక నమ్మినా కదలకపోవడానికి వేరే కారణాలుంటాయి. మా సందులో ఒక మామ్మ "నేను వచ్చేస్తే గ్యాస్ బండ ఎవడు కాస్తాడే?" అంది. ఆమెకు వరద గురించి ఇంకెంత చెప్పినా దండగే. బండని మేడ మీది వాళ్లింట్లో పెట్టించాక, ఆధార్, రేషన్ కార్డు, షుగర్ మాత్రలు ఒక కవర్లో కట్టుకుని తనే బయల్దేరింది. మంచాన పడ్డవాళ్లకి, నెలలు నిండినవాళ్లకి, వినపడనివాళ్లకి మైకుతో పని జరగదు. ఏ ఇంటికి ఎవరు వెళ్లి తలుపు తట్టాలో, ఎవరు మోయాలో వానాకాలానికి ముందే అనుకోండి. వరదలో కరెంటు పోతే ఫోనూ లేదు, మైకూ లేదు.

నీరు తీశాక అసలు తంటా తాగేనీళ్లతో. 2018లో గుంటూరులో కుళాయి నీళ్లు కలుషితమై అతిసారంతో జనం చనిపోయారు. ఆ సంగతి చెప్పినా "మా నీళ్లు తేటగానే ఉన్నాయిగా" అంటారు. క్లోరిన్ బిళ్లలు పంచితే వాసనని పారేస్తారు. నేనైతే వాళ్ల బిందెలోనే, కవరు మీద రాసిన కొలత ప్రకారం బిళ్ల వేసి, మూతపెట్టి, అరగంట కబుర్లు చెప్పి, మొదటి గ్లాసు నేనే తాగేదాన్ని. ఓఆర్ఎస్ కూడా అంతే. గ్లాసులో చిటికెడు కలిపి పిల్లాడికి పట్టేస్తారు. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలని లీటరు సీసా పట్టుకుని చూపించండి. కళ్లు లోపలికి పోయినా, ఒంటికి పోయడం తగ్గినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. వరద నీళ్లలో తిరిగినవాళ్లకి తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు వస్తే ఆ తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

కట్ట మళ్లీ తెగిందని పుకారు లేస్తే జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగులే. అందుకే హెచ్చరికలకి విడిగా ఒక వాట్సాప్ గ్రూపు, అందులో వార్డు సచివాలయంలో కనుక్కుని పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. గుడ్ మార్నింగులు పెట్టేవాళ్లని మొహమాటపడకుండా తీసేయండి. మా చిన్నాన్ననే తీసేశాను, ఇప్పటికీ అలిగే ఉన్నాడు.